అణుధూళినుండి ప్రజారక్షణము

2011వ సంవత్సరము మార్చి నెలలో, జపాను దేశమందలి ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రమున ప్రమాదము జరిగిన వార్తలు పత్రికలలో వచ్చుచుండగా, మన యూరి పాలకేంద్రమువద్ద ఒక వృద్ధుడు మమ్ము నిలిపి, "అయ్యవారూ, మన పొన్నై యేరు పాలారులో కలియును, పాలారు కల్పాక్కము దాపున సముద్రములో పడును గదా. అక్కడ ఏమైన జరిగిన, ఆ విషము ఏటివెంట మనకు ఎక్కివచ్చునా?" అని యడిగెను. ఏరు ఎగువకు పారదు, భయము వలదని చెప్పి వచ్చితిమి. ఇంటికి వచ్చి ఆలోచింపగా మా సమాధానము సగమే సరియైనదని తోచినది. నీరు పల్లమెరుగును గాని, గాలికి ఎగువ దిగువలు లేవు. మిగిలిన సగమును ఇప్పుడు వ్రాయుచున్నాము.

కల్పాక్కమునందలి మదరాసు అణువిద్యుత్కేంద్రములో మొదటి యూనిటు 1984లోను, రెండవది 1986లోను పని ప్రారంభించినవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రజలము పంపుగృహములో చొరబడినది. నడచుచుండిన రెండవ యూనిటును సురక్షితముగ ఆపివేసిరి, అణుధూళి వెలువడలేదు. ఉద్యోగుల నివాసములలో మాత్రము సముద్రము ప్రాణములను బలిగొన్నది. ఇట్టి కేంద్రముల చుట్టును 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళికా మండలముగ నేర్పరచి, ప్రమాదవేళ ప్రజలను కాపాడు బాధ్యతను జిల్లా కలెక్టరునకు అప్పగించుదురు. పొన్నై అచ్చటికి, పక్షి ఎగిరినట్లు తిన్నగ కొలిచినను, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. కావున ఇల్లు విడువుడను ఆజ్ఞ మనకు వచ్చుట అరుదు. పాలను గూర్చియు, ఆహారమును గూర్చియు, అచ్చటినుండి వచ్చు జనులను గూర్చియు మనము తెలిసికొనవలసినది చాల గలదు.

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. చలిమంటవద్ద కూర్చున్నవానికి వేడి తగులును. లేచి దూరముగ పోయిన ఆ వేడి వానివెంట రాదు, వాడు నిప్పుగా మారడు. అదే బూడిద ఒడలికి అంటినచో వానితోకూడ ఇంటిలోనికి వచ్చును. రియాక్టరునుండి వెలువడు కిరణములు మంటవేడి వంటివి. గాలిలో ఎగిరివచ్చు అణుధూళి బూడిద వంటిది. అయితే ఈ బూడిద చల్లారినది కాదు. తానున్నచోటనే కిరణములను వెదజల్లుచుండును. దూరమున నున్న ప్రజలకు ముప్పు ముఖ్యముగ ఈ ధూళివలననే.

ధూళిమేఘము పైనుండి పోవునప్పుడు ఇటుకగోడల యింటిలో తలుపులు, కిటికీలు మూసికొని యుండుటయే చాలసార్లు మేలైన రక్ష. ఫంకాలను, చల్లగాలి యంత్రములను ఆపివేయవలెను. పూరిపాక ఇంత రక్షణ నీయదు. మన చుట్టుప్రక్కల అట్టి యిండ్లు ఇంకను గలవు గనుక, అట్టివేళ పాఠశాల భవనము మొదట వారికే అక్కరకు రావలెను. బయటనుండి వచ్చినవారు పైబట్టలు విడిచి సంచిలో కట్టి దూరముగ నుంచినచో, ఒంటికంటిన ధూళిలో అధికభాగము పోవును. పిదప సబ్బుతో స్నానము చేయవలెను. ఇంతమాత్రము చేసినవారిని వెలివేయుట అజ్ఞానము. ఫుకుషిమానుండి వచ్చినవారిని ఇతరప్రాంతములలో కొందరు దూరముగ నుంచిరని చదివి మేము మిక్కిలి ఖేదపడితిమి.

పరుగెత్తుటయు ప్రమాదమే. 1979లో అమెరికాలోని త్రీమైల్ ఐలండువద్ద, అయిదు మైళ్ళ లోపలి గర్భవతులను, బడియీడు రాని పిల్లలను మాత్రమే దూరముగ పొమ్మని సలహా యీయగా, లక్షమందికి పైగా ఇండ్లు విడిచి పోయిరి. ఫుకుషిమాలో 20 కిలోమీటర్ల లోపలివారిని ఖాళీచేయించినపుడు, ఆస్పత్రులలోని వృద్ధరోగులు పలువురు ప్రయాణపు బడలికవలనను, సరియైన చికిత్స లేకయు మరణించిరి. పొమ్మన్నపుడు పోవలెను, ఉండుమన్నపుడు ఉండవలెను. రెండవది కష్టతరమని మా యనుభవము. వానవచ్చిన దినమున పిల్లలను తరగతిలో ఆపుటకే మాకు శక్తి చాలదు!

ఇక పాలసంగతి. అణుధూళిలో అయొడిను-131 అను పదార్థముండును. అది గడ్డిపై పడును. ఆ గడ్డిని ఆవు మేయును. రెండుమూడు దినములలో పాలలోనికి వచ్చును. కంఠమునందలి థైరాయిడు గ్రంథి మంచి అయొడినునకును దీనికిని భేదమెరుగక రెంటిని పీల్చుకొనును. పసిపిల్లల గ్రంథి చిన్నది, వారు త్రాగు పాలు ఎక్కువ. కావున హాని వారికే అధికము. 1957 అక్టోబరులో ఇంగ్లండునందలి విండ్‌స్కేలు కేంద్రమున నిప్పంటుకొన్నపుడు, సుమారు 500 చదరపు కిలోమీటర్లలోని పాలను కొన్నివారములు పారబోయించిరి. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదము జరిగినపిదప అచ్చటి గ్రామములలో పాలను సకాలమున ఆపలేదు. నాడు పిల్లలుగ నుండినవారిలో 2005 నాటికి ఆరువేలకు పైగా థైరాయిడు కేన్సరు రోగులు కనబడిరి. అందు పెక్కింటికి ఆ పాలే కారణము. చికిత్సకు లొంగు వ్యాధి యగుటచే మరణములు మాత్రము కొద్ది.

ఈ అయొడిను ఎనిమిది దినములకు సగమగును. మరి యెనిమిది దినములకు సగములో సగము. ఎనుబది దినములకెంత మిగులునో విద్యార్థులు లెక్కవేయుడు: వేయింట ఒకపాలు కూడ నుండదు. కావున ఆజ్ఞ వచ్చిన దినమునుండి ఆవులను మేతకు విడువక, పాకలో కప్పుక్రింద నిలువజేసిన వరిగడ్డిని వేసి, మూతగల బావినీరు పెట్టినచో కొంతవరకు పాలు కాపాడబడును. నిలువయున్న ధాన్యము, మూటగట్టిన పప్పు, డబ్బాలోని పాలపొడి నిరపాయములు. ఆరుబయట పెరుగు ఆకుకూరలను పరీక్షించువరకు తినరాదు. సీజియము-137 అను మరియొక పదార్థము సగమగుటకు ముప్పదియేండ్లు పట్టును. దానికి ఇట్టి ఎదురుచూపు చాలదు, భూమిని, పంటను పరీక్షింపవలసినదే.

పొటాషియం అయొడైడు మాత్ర ముందుగ మంచి అయొడినును గ్రంథినిండ నింపి, చెడ్డదానికి చోటు లేకుండజేయును. 1986లో పోలండు ప్రభుత్వము కోటిమందికి పైగా పిల్లలకు అయొడిను నిచ్చినది. పెద్దలకు మోతాదు 130 మిల్లీగ్రాములు, మూడుమొదలు పండ్రెండేండ్ల వారికి అందు సగము. ధూళి రాకకు ముందు ఒక దినములోపల గాని, వచ్చిన కొద్దిగంటలలోపల గాని వేసికొనవలెను. వైద్యాధికారి చెప్పక వేసికొనరాదు. మిగిలిన అణుపదార్థములపై దీనికి శక్తి లేదు. 2011లో చీనాదేశమున జనులు అంగళ్ళలోని ఉప్పునెల్ల కొనివేసిరట! మన దేశపు నిబంధన ననుసరించి కిలో ఉప్పులో ఉండవలసిన కనీసపు అయొడిను 15 మిల్లీగ్రాములు. ఆ మాత్రలోని 100 మిల్లీగ్రాముల అయొడినుకై ఆరుకిలోలకు పైగా ఉప్పు తినవలెను. గాయములకు పూయు టింక్చరును త్రాగుట అంతకన్న అపాయము.

ఇన్ని చెప్పితిమి గాని, ఆజ్ఞ చెవిని పడినను అర్థము కానిచో ప్రయోజనమేమి? మనకు ప్రకటనలు తమిళమున వచ్చును. మన యిండ్లలోని వృద్ధులు సంతలో తమిళము మాటాడగలరు. మైకులో వచ్చు అధికారభాష వారికి కొత్త. "వెళియే వర వేండామ్" అనగా బయటికి రావలదని యర్థము. తెలుగుచెవికి మొదటిమాటలో 'వెళ్ళు' అని వినబడి, ముసలితల్లి గడపదాటిన ఆశ్చర్యము లేదు. 2006 నాటి తమిళవిద్యా చట్టముననుసరించి మన పిల్లలు తమిళము చదువుచున్నారు. కావున ఈ యేడు ఎనిమిదవ తరగతివారిచే ప్రకటనలలో వచ్చు ఇట్టి వాక్యములను తమిళమునను తెలుగునను పెద్ద అక్షరములతో వ్రాయించితిమి. ఆ కాగితము తలుపు లోపలివైపున అంటింపవలెను. ఇంటిలోని పెద్దలకు ఒకమారు చదివి వినిపించి, వారిచే తిరిగి చెప్పించుకొని వచ్చి, మాకు తెలుపవలసినదని విద్యార్థులకు చెప్పియున్నాము.