ఎర్ర ఆయిల్ లైట్ వెలిగితే ఇంటిదాకా వెళ్లొచ్చా? ఆయిల్ పంప్ గురించి పూర్తిగా

లాలాపేట్ నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ మధ్య ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రగా అల్లావుద్దీన్ దీపంలాంటి బొమ్మ వెలిగింది, ఏం చేయాలి?"

జవాబు ముందే చెప్పేస్తా. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆఫ్ చేయండి. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

చాలామంది దాన్ని ఆయిల్ తగ్గిందని చెప్పే లైట్ అనుకుంటారు. కాదండీ, అది ప్రెషర్ లైట్. ఆయిల్ నిండుగా ఉన్నా, పంప్ దాన్ని పైకి పంపకపోతే వెలుగుతుంది. చాలా కార్లలో దాని వెనకాల ఉండేది ఒక చిన్న స్విచ్, అంతే. మామూలు వేగంలో ప్రెషర్ రెండు నుంచి నాలుగు బార్ దాకా ఉంటుంది. అది సుమారు అర బార్ కిందికి పడ్డాకే ఆ స్విచ్ పనిచేస్తుంది. అంటే లైట్ వచ్చేసరికి ప్రెషర్ దాదాపు పోయినట్టే. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయాక వచ్చిన మెయిల్ అన్నమాట.

ఇక పంప్ సంగతి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉంటుంది కదా, మన మెకానిక్‌లు చాంబర్ అంటారు. అందులో మునిగి ఒక పైపు, దాని మూతికి ఒక జాలి. పంప్ అక్కడినుంచి ఆయిల్ లాగి, ఫిల్టర్ గుండా క్రాంక్‌షాఫ్ట్ బేరింగ్‌లకి, పైన క్యామ్‌షాఫ్ట్‌కి పంపుతుంది. ఎక్కువ కార్లలో ఉండేది జెరోటర్ పంప్. పళ్లున్న రింగులో ఇంకో పళ్ల చక్రం, కొంచెం పక్కకి జరిగి తిరుగుతుంటుంది. లోపలి చక్రానికి ఎప్పుడూ ఒక పన్ను తక్కువ. అందుకే తిరిగేటప్పుడు మధ్యలో ఖాళీ ఒకవైపు పెరుగుతుంది, అక్కడ ఆయిల్ లోపలికి వస్తుంది. రెండోవైపు తగ్గుతుంది, అక్కడ బయటికి నెట్టేస్తుంది. ప్రెషర్ మరీ ఎక్కువైతే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మిగులు ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తుంది.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. పంప్ చేసేది ఆయిల్‌ని తోయడం మాత్రమే. ప్రెషర్ వచ్చేది బేరింగ్‌ల సన్నని సందుల్లో ఆ ఆయిల్‌కి అడ్డు తగలడం వల్ల. వెంట్రుక మందం కన్నా తక్కువుండే ఆయిల్ పొర మీద క్రాంక్‌షాఫ్ట్ తేలుతూ తిరుగుతుంది. ఆ పొర పోతే ఇనుముకి ఇనుము తగులుతుంది. తర్వాత నిమిషాల లెక్కే.

మా గల్లీలో ఒక అన్న క్యాబ్ నడుపుతాడు. ఉప్పల్ వైపు ఒక గుంతలో చాంబర్‌కి గట్టిగా దెబ్బ తగిలింది. హబ్సిగూడ దాటాక ఎర్ర లైట్ వచ్చింది. "ఇంకెంత, మూడు కిలోమీటర్లే కదా, ఇంటికి పోయి చూద్దాం" అనుకున్నాడు. తార్నాక దాటాక టకటకా చప్పుడు, లాలాపేట్ బ్రిడ్జి ఎక్కేలోపే ఇంజిన్ పట్టేసింది. చాంబర్ సొట్టపడి పైపు మూతిని మూసేసిందంతే. అక్కడే ఆపి టోయింగ్ పిలిస్తే చాంబర్ మార్పిడితో పోయేది. ఇప్పుడు ఇంజిన్ మొత్తం విప్పారు, నెలన్నర బండి లేదు, ఈఎంఐ మాత్రం ఆగలేదు.

మరి సర్వీస్ ఎప్పుడు? పంప్‌కి విడిగా సర్వీస్ షెడ్యూల్ ఉండదు. దాన్ని బతికించేది టైమ్‌కి ఆయిల్ మార్చడమే. చాలా పెట్రోల్ కార్లకి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. కానీ మన రూట్ చూడండి. ఉప్పల్, నాచారం, తార్నాక ట్రాఫిక్‌లో సగటున గంటకి 15 కిలోమీటర్లు వెళ్తే, 10,000 కిలోమీటర్లకి ఇంజిన్ 660 గంటలకు పైగా తిరిగినట్టు. హైవే మీద 60తో పోయేవాడికి 170 గంటలు కూడా కాదు. మీటర్ మాత్రం ఇద్దరికీ ఒకటే చూపిస్తుంది! అందుకే సిటీలోనే తిరిగే బండికి 7,000 దగ్గరే మార్చమంటాను నేను. పాత ఆయిల్ జిగట మడ్డిగా మారి ఆ జాలిని మూసేస్తే పంప్ కొత్తదైనా లాభం లేదు.

లైట్ వచ్చిందని మెకానిక్ వెంటనే పంప్ మార్చేద్దామంటే ఆగండి. ముందు డిప్‌స్టిక్. తర్వాత ఆ స్విచ్ తీసి, దాని స్థానంలో గేజ్ పెట్టి అసలు ప్రెషర్ కొలవమనండి. స్విచ్ పాడైనా లైట్ వస్తుంది, అది చవక. ప్రెషర్ నిజంగానే తక్కువుంటే చాంబర్ దింపి జాలి, బేరింగ్‌లు చూడాలి. బేరింగ్‌లు అరిగి సందు పెరిగినా ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు కొత్త పంప్ వేసినా డబ్బులు దండగ. చిక్కటి ఆయిల్ పోసి లైట్ ఆర్పడం అయితే ఇంకా ఘోరం. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పోయండి.

సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఎకోస్పోర్ట్ కొనేవాళ్లకి ఒక మాట. దాని 1.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజిన్‌లో పంప్‌ని తిప్పేది ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే బెల్ట్. 2023 డిసెంబర్‌లో అమెరికాలో ఆ పంప్ బెల్ట్, దాని టెన్షనర్ సమస్య మీద ఫోర్డ్ సుమారు 1,39,000 కార్లని రీకాల్ చేసింది. అందులో ఉన్న ఎకోస్పోర్ట్‌లు మన చెన్నైలో తయారై వెళ్లినవే. కాబట్టి ఆ ఇంజిన్ ఉన్న బండి చూస్తే, బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే బెల్ట్ ఖర్చు ధరలో తగ్గించమనండి.