మాజీ సైనికుల ఆందోళనకి స్మార్ట్ వాచ్ కొంటున్నారా? ముందు ఈ సెట్టింగ్స్ చూడండి

నేను కొనిచ్చిన స్మార్ట్ వాచ్ వల్ల మా పెదనాన్న ఒక అర్ధరాత్రి హాస్పిటల్‌కి వెళ్లాల్సొచ్చింది. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, గుండెకి ఏమీ లేదని పంపించేశారు. అలా అని వాచ్ అబద్ధం చెప్పలేదు. ఆ రాత్రి హార్ట్ రేట్ నిజంగానే 128 ఉంది. ఏదో కలొచ్చి లేచారు, వాచ్ చూశారు, ఆ అంకె చూసి ఇంకా భయపడ్డారు, మళ్లీ చూశారు. చూసిన ప్రతిసారీ అది పెరుగుతూనే ఉంది.

ఆయన ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. 1987లో శ్రీలంక వెళ్లిన శాంతిసేనతో జాఫ్నాలో ఉన్నారు. అక్కడి సంగతులు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఉండేది విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు మూడు రోజులు డాబా మీదే గడిపారు. ఆహారం పొట్లాలతో హెలికాప్టర్లు వస్తుంటే వీధి వీధంతా పైకి చూసి చేతులూపింది. ఆయన మాత్రం వాటర్ ట్యాంక్ పక్కన గోడకి ఆనుకుని, చెవులు మూసుకుని కూర్చున్నారని పెద్దమ్మ చెప్పింది. నిద్ర పాడైంది అప్పటినుంచే. నేను గాడ్జెట్లు రివ్యూ చేసేవాణ్ణి కదా, నాకు తోచిన మందు వాచ్!

అసలు వాచ్ ఏం కొలుస్తుందో చూద్దాం. దాని వెనక ఉండే పచ్చ లైటు చర్మం మీద పడుతుంది. అందులో ఎంత తిరిగొచ్చిందో చూసి నాడి లెక్కేస్తుంది. ‘స్ట్రెస్ స్కోర్’ అనేది ఎక్కువ వాచీల్లో ఒక బీట్‌కీ ఇంకో బీట్‌కీ మధ్య టైమ్ ఎంత మారుతోందన్న దాన్నిబట్టి వేసే అంచనా. కాఫీ తాగినా, నిద్ర చాలకపోయినా, జ్వరమొచ్చినా అది మారుతుంది. పట్టీ వదులైతే రీడింగే తప్పొచ్చు. గుండె ఎందుకు వేగంగా కొట్టుకుంటోందో మాత్రం దానికి తెలీదు. అసలే కంగారుపడే మనిషి చేతికి 24 గంటలూ ఆ అంకె కట్టేశాం అంటే, ఆ కంగారుకి ఒక స్కోర్‌బోర్డు పెట్టినట్టే.

వాచ్‌తో మంచి జరగదని కాదు. అమెరికాలో టైలర్ స్క్లుజాసెక్ అనే కుర్రాడు, ఇరాక్ యుద్ధం నుంచి వచ్చిన తన తండ్రి పీడకలలు చూసి 2015లో ఒక హ్యాకథాన్‌లో యాప్ తయారుచేశాడు. అదే తర్వాత నైట్‌వేర్ అయింది. 2020 నవంబరులో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. యాపిల్ వాచ్ గుండె వేగం, కదలికలు గమనించి, పీడకల మొదలైందనిపిస్తే చేతి మీద మెల్లగా వైబ్రేట్ అవుతుంది. మనిషి నిద్ర లేవకుండా కల మాత్రం తెగిపోవాలన్నది ఆలోచన. అక్కడ కూడా డాక్టర్ రాసిస్తేనే ఇస్తారు. నాకు అందులో నచ్చిందేంటంటే, అది నిద్రపోయే మనిషికి అంకె చూపించదు.

ఆ దారిలోనే పెదనాన్న వాచ్ మార్చాను. హార్ట్ రేట్ అలర్ట్స్, స్ట్రెస్ మానిటరింగ్ ఆఫ్. వాచ్ ఫేస్ మీద టైమ్, తేదీ తప్ప ఇంకేమీ లేవు. మీ ఇంట్లో వాళ్లకి గుండె జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా అలర్ట్స్ తీసేయొద్దు. ఛాతీ నొప్పి వస్తే వాచ్ ఏమన్నా సరే, 108కి ఫోన్ చేయాల్సిందే. ఉంచిన ఫీచర్ ఒక్కటే, బ్రీతింగ్. నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదలాలి, అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదిలేది పొడవుగా ఉండాలి. వాచ్ వైబ్రేషన్‌తో లెక్క చెబుతుంది కాబట్టి చీకట్లో స్క్రీన్ చూడక్కర్లేదు. “పీటీలో ఉస్తాద్ చేయించేది ఇదేగదరా” అన్నారు.

ఎక్కువ ఫలితం కనిపించింది ఫోన్‌లో, అదీ ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా. ఆయన వాట్సాప్‌లో పదకొండు గ్రూపులున్నాయి. సగం యుద్ధం వీడియోలే, ఫోన్ తెరిస్తే పేలుళ్లు. గ్రూపులన్నీ మ్యూట్ చేసి, మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేశాను. వాట్సాప్ ప్రైవసీలో కాల్స్‌లోకి వెళ్తే ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఉంటుంది, అది ఆన్ చేయండి. డిజిటల్ అరెస్ట్ అంటూ యూనిఫాంలో వీడియో కాల్ చేసే దొంగలకి ఇదొక అడ్డు. యూనిఫాం చూడగానే లేచి నిలబడే తరం వీళ్లది, గుర్తుంచుకోండి. ఎవరైనా మోసపోతే వెంటనే 1930కి చెప్పాలి.

రాత్రి పదింటి నుంచి డు నాట్ డిస్టర్బ్. అందులో స్టార్ పెట్టిన నంబర్లకి మాత్రం అనుమతి: మా నాన్న, నేను, గుడివాడలో ఉండే ఆయన యూనిట్ స్నేహితుడు. ‘రిపీట్ కాలర్స్’ కూడా ఆన్ చేశాను. ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగుతుంది. ఆ స్నేహితుడి నంబర్‌కి హోమ్ స్క్రీన్ మీద ఫోటోతో షార్ట్‌కట్ పెట్టాను. నేను చేసిన పనులన్నింట్లో ఆయన రోజూ వాడేది అదే.

ఒక్క దగ్గర మాత్రం నాకు చాలాసేపు తేలలేదు. 2023లో ప్రభుత్వం ఎమర్జెన్సీ అలర్ట్ టెస్ట్ చేసినప్పుడు ఫోన్లన్నీ సైరన్‌లా మోగాయి కదా, అలాంటి శబ్దం ఆయనకి పడదు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపొచ్చు. కానీ బుడమేరు పక్కన ఉంటూ వరద హెచ్చరిక ఎలా ఆపేస్తాం? టెస్ట్ అలర్ట్స్ మాత్రం ఆపి, అసలువి ఉంచాను. ఆ మోత ఎలా ఉంటుందో యూట్యూబ్‌లో పట్టపగలు, తక్కువ వాల్యూమ్‌లో రెండుసార్లు వినిపించాను. ముందే తెలిసిన శబ్దం కొంచెం తక్కువ ఉలిక్కిపడేలా చేస్తుందని నా ఆశ.

ఇంకో భయం పింఛను. స్పర్శ్ నుంచి ఏ మెసేజ్ వచ్చినా ఆగిపోయిందేమోనని బ్యాంకుకి పరుగు. లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంటినుంచే ఇవ్వొచ్చు, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా కావాలి. వెలుతురు ఎదురుగా పడేలా కూర్చోబెట్టండి. ఇచ్చాక ఆ రసీదు ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. పీడీఎఫ్ ఫోన్‌లో ఉందంటే వీళ్లకి నమ్మకం కుదరదు, కాగితం కనబడాలి.

ఇవన్నీ వైద్యం కాదు. టెలీమానస్ అని కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416. తెలుగులో మాట్లాడతారు. ‘మెంటల్’ అన్న మాట వింటే పెదనాన్న ఫోన్ పట్టుకోరని, “నిద్ర పట్టడం లేదని చెప్పండి చాలు” అన్నాను. మొదటిసారి స్పీకర్‌లో పెట్టి పక్కనే కూర్చున్నా. కాసేపటికి నన్ను టీ పెట్టుకురమ్మన్నారు. నేను తిరిగొచ్చేసరికి స్పీకర్ ఆఫ్ చేసి మాట్లాడుతున్నారు. తర్వాత ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద సైకియాట్రిస్ట్‌కి రిఫరల్ కూడా తీసుకున్నాం.

దీపావళి గురించి కూడా చెప్పాలి. నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌ఫోన్స్ కొందామనుకునేవాళ్లు ఆగండి. ఏఎన్‌సీ ఫ్యాన్, బస్సు ఇంజిన్ లాంటి ఆగని మోతని బాగా తగ్గిస్తుంది, లక్ష్మీ బాంబులా ఒక్కసారిగా వచ్చే శబ్దాన్ని అంతగా ఆపలేదు. దానికి మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ నయం. వేళ్లతో సన్నగా నలిపి, చెవిలో పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. మొన్న దీపావళికి పెదనాన్న రెండు జతలు తెప్పించుకున్నారు. రెండోది గుడివాడ ఆయనకట.