చమురు కడుగువారును, ఇసుకలో గ్రుడ్లు పెట్టు పిట్టలును

మన పల్లెలలో తీతువు పిట్ట నెరుగనివారు లేరు. రాత్రివేళ అది కూసినచో అశుభమని కొందరందురు. ఆ మాట యటుండనిండు. ఆ పిట్ట చెట్టుమీద గూడు కట్టదు. బీడునేలలో గులకరాళ్ల నడుమ చిన్న గుంట చేసికొని, అందులో మూడో నాలుగో గ్రుడ్లు పెట్టును. రాళ్లకును గ్రుడ్లకును రంగులో భేదము కానరాదు. కాలిక్రింద పడువరకును తెలియదు.

నా పదియవ యేట మా మెట్టచేనిలో అట్టి గుంట నొకదానిని కనుగొంటిని. కాకులు గ్రుడ్లను తినిపోవునని భయపడి, నేనే వానిని కాపాడవలెనని, కర్ర చేతబట్టుకొని దగ్గరనున్న తుమ్మచెట్టు క్రింద కావలి కూర్చుంటిని. అది రోహిణీకార్తె. తల్లిపిట్ట నా నెత్తిమీద తిరుగుచు అరచుచుండెనే గాని గ్రుడ్ల దరికి రాలేదు. కాకులను చూచి అరచుచున్నదని నే ననుకొంటిని. ప్రొద్దు వాలువరకు కదలలేదు. ఆ గ్రుడ్లు పిల్లలు కాలేదు. మా తాతగారు చూచి, "అది అరిచింది కాకిని చూసి కాదురా అబ్బాయీ, నిన్ను చూసి" అనిరి.

తల్లి గ్రుడ్లమీద కూర్చుండుట వెచ్చదనమునకే యని మన మనుకొందుము. ఎండకాలమున కూర్చుండుట నీడకొరకు. తీతువు నీటియొద్దకు పోయి రొమ్ము తడుపుకొని వచ్చి, ఆ తడితో గ్రుడ్లను చల్లబరచును. తల్లిని దూరముగా నిలిపినచో కాకి అక్కరలేదు, ఎండయే చాలును.

డెబ్బదియేండ్లు నిండిన పిమ్మట ఈ సంగతి మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము, అమెరికా దేశపు దక్షిణమున, మెక్సికో సింధుశాఖ తీరమున 2010వ సంవత్సరములో జరిగిన దానిని గూర్చి చదువుటయే. ఆ యేడు ఏప్రిల్ 20వ తేదీన, సముద్రగర్భమునుండి చమురు తీయుటకై బావి త్రవ్వుచున్న డీప్ వాటర్ హొరైజన్ అను తేలుడు కట్టడము ప్రేలి మండెను. పదునొకండుగురు పనివారు మరణించిరి. అడుగున నోరు తెరచుకొన్న బావిని మూయుటకు 87 దినములు పట్టెను. ప్రభుత్వ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము వెలువడినది సుమారు 49 లక్షల పీపాలు. పీపా యనగా 159 లీటర్లు. సుమారు 2,100 కిలోమీటర్ల తీరమునకు ఆ మడ్డి అంటెను.

కాలమును గమనింపుడు. వసంతమునుండి శ్రావణమువరకు ఆ ఇసుక తిన్నెలమీద చిన్నపిట్టలు గ్రుడ్లు పెట్టుకొను కాలమది. అందు ముఖ్యమైనవి రెండు. ఒకటి స్నోయీ ప్లోవర్. తీతువునకు జ్ఞాతి యనవచ్చును గాని మిక్కిలి చిన్నది. సుమారు 40 గ్రాముల తూకము. రెండవది లీస్ట్ టెర్న్. నీటిమీద ఎగురుచు చిన్నచేపలను ముక్కుతో పట్టునది. రెండును ఆరుబయట ఇసుకలోనే గ్రుడ్లు పెట్టును. ప్లోవరు పిల్లలు పొదిగిన కొన్ని గడియలకే పరుగెత్తును. వానికి తల్లి మేత పెట్టదు. కెరటములు ఒడ్డునకు త్రోసిన నాచుబారులలోని పురుగులను అవియే ఏరుకొని తినును.

ఇట్టి తీరమునకు చమురు వచ్చెను. చమురు వెంట దానిని తీయువారు వచ్చిరి. పని ముమ్మరముగ నున్నపుడు సముద్రమునను ఒడ్డునను కలిసి 45 వేలకు పైగా జనులు పాటుపడిరి. చేపలవేట నిషేధింపబడి జీవనము పోయిన జాలరులు పలువురు ఆ కూలికే కుదిరిరి. వారు దుర్మార్గులు కారు. మండుటెండలో, ఊపిరాడని దుస్తులలో, తమ తీరమును తామే కడుగుకొనుచుండినవారు. నేనును దుర్మార్గుడను కానుగదా, కర్ర పట్టుకొని కూర్చున్ననాడు!

అయినను వారి అడుగు పడిన చోట హాని కలిగెను. ఎట్లనగా, పదుగురు పారలతో తిన్నెమీదికి ఎక్కినంతనే తల్లులు లేచి దూరముగ పోవును, గ్రుడ్లు ఎండపాలగును. మనుష్యులు పారవేసిన తిండిముక్కలకు కాకులును, గల్ అను సముద్రపక్షులును మూగును. ముక్కలు తినుటకు వచ్చినవి గ్రుడ్లనును వదలవు. బండిచక్రములు మెత్తని ఇసుకలో గాడులు చేయును. ఆ గాడి మనకు జానెడు లోతు. బొటనవ్రేలంత పిల్లకు అది అగడ్త. పైగా ఈ పిల్లల స్వభావ మొకటి కలదు. భయము కలిగినపుడు పారిపోవు. ఉన్నచోటనే నేలకు కరచుకొని కదలక పడియుండును. నక్క కన్ను కప్పుటకు ఆ విద్య చాలును గాని, చక్రమునకు కన్ను లేదు. ఇక ఒడ్డు శుభ్రముగ కనబడవలెనని నాచుబారులను ఊడ్చివేసినచో, అది పిల్లల విస్తరిని ఎత్తివేయుటయే.

అట్లయిన చమురును అచ్చటనే విడువవలెనా యని మీ రడుగుదురు. న్యాయమైన ప్రశ్న. విడిచినచో తల్లిరొమ్మున కంటిన చమురు గ్రుడ్లకు అంటును. గ్రుడ్డు పెంకునందు కంటికి కానరాని రంధ్రములు కలవు. కొన్ని చుక్కల చమురు ఆ దారిని పోయినను లోని పిండము చచ్చును. ఈకలకు అంటినచో తడి లోనికి దిగి పిట్ట వడకును. ముక్కుతో ఈకలు దువ్వుకొనుచు ఆ విషమును మ్రింగును. కావున పోకుండుటయు హానియే, పోవుటయు హానియే. ఈ రెంటి నడుమ దారి వెదకుటయే ఆ తీరమున పక్షుల సంగతి తెలిసినవారికి పడిన పని.

వారు కనుగొన్న దారి పెద్ద యంత్రములతో కూడినది కాదు. కూలివారికంటె ముందు పక్షుల నెరిగినవా డొకడు తిన్నె నంతయు నడచి చూడవలెను. గ్రుడ్లున్న చోటికి చాల యెడముగా గుంజలు పాతి త్రాడు కట్టవలెను. బండ్లు పొడి ఇసుక నెక్కక, కెరటము తడిపిన గట్టినేలమీదనే, మెల్లగ, ఒకే జాడను పోవలెను. నాచులో చమురంటిన భాగమును మాత్రము చేతితో ఏరి తక్కినదానిని ఉంచవలెను. గూళ్ల యెదుట పనివారి పందిళ్లు వేయరాదు.

అన్నిటికంటె కఠినమైన నియమము వేరొకటి. చమురంటియు ఎగురగల పక్షిని గూళ్ల గుంపులోనికి చొరబడి పట్టరాదు. చూచువారికి ఇది నిర్దయగా తోచును. ఆ వేసవిలో పెలికన్ పక్షుల గూళ్లున్న దీవులలో అధికారులు ఈ పద్ధతి నవలంబించినపుడు, నల్లబడిన పక్షిని కన్నులార చూచుచు ఊరకుందురా యని జనులు కోపించిరి. కాని ఒకదానిని పట్టుటకు దిగినచో నూరు గూళ్లు లేచిపోవును; ఎగురలేని పిల్లలు తొక్కిసలాటలో పడును. అట్టి ఊరకుండుట కర్ర పట్టి కూర్చుండుటకంటె కష్టమని నా యభిప్రాయము.

నియమము లెల్లెడల సాగలేదు. సాగలేదనుటకు సాక్ష్యము ఆ ప్రభుత్వముల కాగితములే. నష్టపరిహార ధనముతో చేయదలచిన పనులకు 2012లో వేసిన ప్రణాళికలో, ఫ్లోరిడా పడమటి తీరభాగమునందును, అలబామా, మిసిసిపీ రాష్ట్రములయందును పక్షులు గ్రుడ్లు పెట్టు చోట్ల సంరక్షణకు సుమారు 46 లక్షల డాలర్లు కేటాయించిరి. ఆ పని పేరునందే, చమురు నివారణ చర్యలవలన చెడిన చోట్లని వ్రాసికొనిరి. కడిగినవారే, కడుగుటచేత కలిగిన నష్టమును పేరు పెట్టి ఒప్పుకొనిరి. ఆ ధనముతో చేసిన పనియు గుంజలు, త్రాడు, సూచన పలకలు, దుష్టమృగముల నివారణ, మరియు త్రాటియొద్ద నిలిచి వచ్చిపోవువారికి నచ్చజెప్పు మనుష్యులు. ఆ త్రాడు బిడ్డయైనను దాటగలదు. దానిని గోడగా నిలుపునది నచ్చజెప్పువాని మాటయే.

మనకేమి సంబంధమందురా? ఆ స్నోయీ ప్లోవరును, మన తీరమున కనబడు కెంటిష్ ప్లోవరును ఒకే జాతియని శాస్త్రజ్ఞులు మొన్నమొన్నటివరకు లెక్కించుచుండిరి. కృష్ణా గోదావరుల ముఖముల యెదుట సముద్రములో చమురు బావులు కలవు. విశాఖపట్టణమునకు చమురు ఓడలు వచ్చుచున్నవి. 2017 జనవరిలో మనకు దక్షిణమున ఎన్నూరు రేవు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నపుడు జనులు బాల్చీలతో మడ్డిని ఎత్తిపోసిరి. అట్టి దినము వచ్చినచో మన తీరగ్రామముల యువకులే ముందుగ దిగుదురు. వారికి తిన్నెను చూపవలసినవారు, ఏ మూల ఏ నెలలో పిట్ట గ్రుడ్లు పెట్టునో యెరిగిన పెద్దలు.

ఆ గుర్తు నొకదానిని చెప్పెదను. ఇసుకలో మీరు నడచుచుండగా ఒక చిన్నపిట్ట రెక్క విరిగినట్లు ఈడ్చుకొనుచు మీ ముందు పడి లేచుచు పోయినచో, దానివెంట పోకుడు. అది గ్రుడ్లనుండి మిమ్ము దూరము తీసికొనిపోవుటకు ఆడు నాటకము. నిలిచి, మొదట మీ పాదముల చుట్టును చూచుకొనుడు. పిమ్మట వచ్చిన అడుగుజాడలలోనే వెనుకకు మరలుడు. నూరు గజములు పోయి కూర్చుండి చూచినచో, ఆ విరిగిన రెక్క ముడుచుకొని, పిట్ట చక్కగ పరుగెత్తి వచ్చి తన గుంటలో కూర్చుండును.