ఆంగ్ల వాక్యములో ప్రధానభాగము

గోదావరిపై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టను గూర్చి మీరు వినియుందురు. "ఆ ఆనకట్టను కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్" అని మనము తెలుగులో చెప్పుదుము. ఇందు "కట్టించిన" అను ధాతుజ విశేషణము "ఇంజనీరు" అను నామమునకు ముందు నిలిచి, అతడెవరో తెలుపుచున్నది.

ఈ భావమునే ఆంగ్లమున "ది ఇంజనీర్ హూ బిల్ట్ ది ఆనికట్ వాజ్ ఆర్థర్ కాటన్" అందురు. మన భాషలో నామమునకు ముందుండు వర్ణన ఆంగ్లమున నామమునకు తరువాత వచ్చినది. అంతేకాక, "హూ" అను సర్వనామముతోను, "బిల్ట్" అను క్రియతోను కూడి చిన్న వాక్యమువలె నున్నది. ఇది సంబంధోపవాక్యము. దీనిని తొలగించినచో "ది ఇంజనీర్ వాజ్ ఆర్థర్ కాటన్" అని మిగులును. ఇది ప్రధానోపవాక్యము.

వీనిని గుర్తించుటకు మార్గము సులభము. మొదట వాక్యములోని క్రియలను లెక్కింపుడు. పిదప "హూ", "విచ్", "దట్" వంటి పదమును వెదకుడు. ఆ పదముతో మొదలై దాని క్రియతో కూడిన భాగమును తీసివేసి చదువుడు. మిగిలినది పూర్ణార్థము నిచ్చినచో అదియే ప్రధానము.

ఇందు రెండు చిక్కులు గలవు. "ది మ్యాన్ హూ సెల్స్ మ్యాంగోస్ ఈజ్ మై అంకుల్" అను వాక్యములో "మ్యాంగోస్" అను బహువచనము ప్రక్కనే యున్నదని "ఈజ్"కు బదులు "ఆర్" వ్రాయరాదు. ఆ క్రియకు కర్త మామిడిపండ్లు కాదు, వానిని అమ్మువాడు. ఇక "ది బుక్ ఐ బాట్ ఈజ్ న్యూ" అనుచోట "విచ్" లోపించినది. అయినను "బాట్", "ఈజ్" అను రెండు క్రియలు ఉపవాక్యములు రెండని తెలుపుచున్నవి.

విరామచిహ్నమును చిన్నచూపు చూడరాదు. "ది బాయ్స్ హూ వర్ లేట్ పెయిడ్ ఎ ఫైన్" అన్నచో, ఆలస్యముగా వచ్చిన బాలురు మాత్రమే జరిమానా చెల్లించిరని యర్థము. "ది బాయ్స్, హూ వర్ లేట్, పెయిడ్ ఎ ఫైన్" అన్నచో, బాలురందఱును ఆలస్యముగా వచ్చిరి, అందఱును చెల్లించిరి. రెండు కామాలవలన, వేళకు వచ్చినవాడును దోషి యగును! కావున ఏది ప్రధానమో, ఏది వర్ణనమో తెలిసికొనిన పిమ్మటనే వాక్యమునకు అర్థము చెప్పవలెను.