మీకు తెలుసా? కత్తిపోటుతో పుట్టిన అచ్చుకూడం!

ఒక అచ్చుకూడం ఒకే కుటుంబం చేతిలో ఎన్నాళ్లుంటుంది? రెండు తరాలా? మూడా? బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరంలో ప్లాంటిన్-మోరేటస్ కుటుంబం 300 ఏళ్లకు పైగా నడిపింది! ఇల్లూ అక్కడే, ప్రెస్సూ అక్కడే!

దీని పుట్టుకకు కారణం ఏమిటో తెలుసా? కత్తిపోటు! క్రిస్టోఫ్ ప్లాంటిన్ మొదట పుస్తకాలకు బైండింగు చేసేవాడు. ఓ రాత్రి తాగుబోతులు ఇంకెవరో అనుకొని ఈయన్ని పొడిచేశారట. భుజం పనికిరాకుండా పోయింది. ఇంకేం, 1555లో అచ్చుపనిలోకి దిగాడు!

ఒక్కో ప్రెస్సుకు ఇద్దరే మనుషులు. ఒకరు తోలు బంతులతో సిరా అద్దాలి, ఇంకొకరు పిడి లాగాలి. కరెంటు లేదు, మోటారు లేదు. అయినా రోజుకు 1,250 కాగితాలు, రెండు వైపులా!

ఇప్పుడు చెప్పేది వింటే నోరు తెరుస్తారు! ప్లాంటిన్ ఒకే బైబిల్‌ను హీబ్రూ, గ్రీకు, లాటిన్, అరమాయిక్, సిరియాక్ భాషల్లో అచ్చువేశాడు. మరి ప్రూఫులు? ఆయన కూతురు మాగ్దలీనా వాటిని సరిచూసే పండితుడి ఇంటికి మోసుకెళ్లేది. అంతేనా? మూలప్రతిని పైకి చదివి వినిపించేది కూడా! అప్పుడు ఆ పిల్ల వయసు 13! నన్నడిగితే ఈ ఇంట్లో అసలు వింత ఇదే.

స్పెయిన్ సైనికులు ఊరిమీద పడి దోచుకున్నప్పుడు ప్లాంటిన్ ఏం చేశాడు? డబ్బిచ్చి ప్రెస్సును కాపాడుకున్నాడు. ఒకసారి కాదు, 9 సార్లు!

మహా చిత్రకారుడు రూబెన్స్ ఈ ఇంటికి ఆప్తమిత్రుడు. పుస్తకాలకు ముఖపత్రాలు గీసిచ్చేవాడు. కానీ సెలవు రోజుల్లోనే! పనిరోజున గీయమంటే ఒక్క బొమ్మకే 100 ఫ్లోరిన్లు అడిగేవాడట! స్నేహం స్నేహమే, లెక్క లెక్కే!

ఈ వంశంవాళ్లు పాత సామాను పారేయలేదు! సీసపు అక్షరాలు, ఖాతా పుస్తకాలు, అన్నీ దాచారు. ప్రపంచంలో మిగిలిన అతి పాత ప్రెస్సులు రెండూ ఇక్కడే ఉన్నాయి. 1600 ప్రాంతం నాటివి! మన ఇళ్లలో అయితే ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేసేవాళ్లం.

చివరికి ఆంట్‌వెర్ప్ నగరమే ఇల్లూ వాకిలీ, ప్రెస్సులూ పుస్తకాలూ మొత్తం కొనేసింది. ధర 12 లక్షల ఫ్రాంకులు! వెంటనే మ్యూజియంగా మార్చేసింది!

మీ కంప్యూటర్లో ‘టైమ్స్ న్యూ రోమన్’ ఉందా? అయితే ఈ ఇంటి చుట్టం మీ దగ్గరా ఉన్నట్టే! ఇక్కడి పాత అచ్చు నమూనా చూసి ‘ప్లాంటిన్’ అనే టైపు గీశారు. ఆ టైపును చూసి ‘టైమ్స్ న్యూ రోమన్’ గీశారు. లండన్ ‘టైమ్స్’ పత్రిక 1932లో దీన్ని మొదటిసారి వాడింది!

ఆంట్‌వెర్ప్ వెళ్తే తప్పక చూసి రండి. సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు!