ఎండను దాచే ఇనుము

మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించుకున్న చాలామందికి మొదటి వేసవిలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే, బయట నిప్పులు చెరిగే ఎండ ఉన్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఏదో పాడైందని కంగారుపడనక్కర్లేదు. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు లేనప్పుడు తనంతట తాను ఆగిపోతుంది. ఆగకపోతే స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. కరెంటు కోతల్లోనూ, రాత్రిపూటా మన ఎండ మనకు పనికిరావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి తోడు బ్యాటరీ కావాలి. ఏ బ్యాటరీ? దుకాణదారు ఇవాళ చెప్పే జవాబు వెనక నూట అరవై ఏళ్ళకు పైబడిన కథ ఉంది.

1859లో ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే రెండు సీసం రేకులను ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. మళ్ళీ మళ్ళీ చార్జ్ చేయగల మొదటి బ్యాటరీ అదే. అప్పటికి ఇళ్ళకు కరెంటు లేదు కాబట్టి దాన్ని చార్జ్ చేయడానికీ వేరే బ్యాటరీలనే వాడాల్సి వచ్చింది. 1881లో కమీల్ ఫోర్ రేకులకు సీసం ఆక్సైడ్ ముద్దను పూసే పద్ధతి కనిపెట్టాక అది కర్మాగార సరుకైంది. 1954లో బెల్ ల్యాబ్స్ సుమారు 6 శాతం సామర్థ్యంతో సిలికాన్ సోలార్ సెల్‌ను చూపించినప్పటి నుంచి దశాబ్దాల పాటు ఎండను రాత్రికి మోసుకొచ్చిన పని ఎక్కువగా ఈ సీసానిదే. మన ఇళ్ళలో మెట్ల కింద ఇన్వర్టర్ పక్కన కూర్చునే ట్యూబులార్ బ్యాటరీ దాని వారసురాలే.

ఇన్వర్టర్‌కు బాగా సరిపోయిన సీసానికి సోలార్‌తో ఎందుకు పొసగదు? ఇన్వర్టర్ బ్యాటరీ రోజంతా నిండుగా ఉండి, కోత వచ్చినప్పుడే ఖర్చవుతుంది. సోలార్ బ్యాటరీ రోజూ ఖాళీ అవుతుంది, రోజూ నిండుతుంది. ముసురు పట్టిన వారంలో పూర్తిగా నిండదు కూడా. సీసం బ్యాటరీ ఖర్చవుతున్నప్పుడు పలకల మీద సీసం సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే నిండుగా చార్జ్ చేస్తే అది కరిగిపోతుంది. సగం చార్జింగ్‌తో రోజుల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, ఆ మేరకు పలక పనికిరాకుండా పోతుంది. అందుకే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉన్నా, అది నాలుగు కాలాలు మన్నాలంటే సగమే, అంటే 0.9 యూనిట్ మాత్రమే వాడుకోవాలి. దీనికితోడు వేడి. పరిసరాల ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ సీసం బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఇది చిన్న మాట కాదు.

లిథియం దారి వేరు. 1970లలో స్టాన్లీ విట్టింగ్‌హామ్ వేసిన పునాది మీద, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను తెచ్చాడు. అకిరా యోషినో 1985లో దాన్ని సురక్షితమైన బ్యాటరీగా మలిచాడు. 1991లో సోనీ మార్కెట్లోకి దించింది. ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. ఈ బ్యాటరీ ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు ప్రాణం పోసింది గానీ, ఇంటికి తగిన పెద్ద పెట్టెగా మాత్రం పనికిరాలేదు. కోబాల్ట్ ఖరీదైనది. పైగా బాగా వేడెక్కితే ఆ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ విడుదలవుతుంది. పక్కనే మండే ద్రావణం ఉంటుంది కాబట్టి మంటకు కావలసినవన్నీ ఒకే డబ్బాలో ఉన్నట్టే.

దీనికి విరుగుడు అమెరికాలోని ఆస్టిన్‌లో దొరికింది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుడినఫ్, తమిళనాడుకు చెందిన ఆరుముగం మంతిరామ్ 1980లలోనే ఇనుము సల్ఫేట్ వంటి సమ్మేళనాల్లో లిథియంను ఇమిడ్చే మార్గం వెతికారు. అదే ప్రయోగశాలలో అక్షయ పాధి, నంజుండస్వామి ఫాస్ఫేట్లను పరీక్షించారు. 1997లో గుడినఫ్‌తో కలిసి వాళ్ళు ప్రచురించిన పత్రంతో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ లోకానికి తెలిసింది. ఇందులో ఖరీదైన కోబాల్ట్ లేదు, చవకైన ఇనుము ఉంది. ఫాస్ఫరస్ తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు. దీని భద్రతకు మూలం ఆ బంధమే.

అయినా దీన్ని మొదట్లో చాలామంది పక్కన పెట్టారు. దీని విద్యుద్వాహకత కోబాల్ట్ ఆక్సైడ్ కంటే లక్షల రెట్లు తక్కువ. లిథియం అయాన్లు కదిలే దారులు కూడా ఒక్క ఎడ్లబండి పట్టే సందుల్లాంటివి, మధ్యలో ఏదైనా అడ్డుపడితే వెనకవన్నీ నిలిచిపోతాయి. రెండు ఉపాయాలు దీన్ని గట్టెక్కించాయి. ఒకటి, కెనడాలోని మాంట్రియల్‌లో మిషెల్ అర్మాండ్ బృందం వేసిన కార్బన్ పూత. రెండోది, రేణువులను నానోమీటర్ల స్థాయికి నూరి దారి పొడవు తగ్గించడం. అమెరికాలో దీన్ని పెద్దయెత్తున తయారుచేసిన ఏ123 సిస్టమ్స్ 2012లో దివాలా తీసి చైనా కంపెనీ చేతికి వెళ్ళింది. బీవైడీ, సీఏటీఎల్ వంటి చైనా సంస్థలు ధరను నేలకు దించాయి. ఇప్పుడు తెలుగు నేల మీదా ప్రయత్నం మొదలైంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా గిగా కారిడార్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది.

రసాయనం మారితే ప్రమాదం తీరు ఎలా మారుతుందో కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ చూపించింది. 2025 జనవరిలో అక్కడి పెద్ద బ్యాటరీ కేంద్రం తగలబడి వెయ్యిమందికి పైగా ఇళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. అందులోవి నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం సెల్స్. ఫాస్ఫేట్ రకం అసలే అంటుకోదని కాదు. అంటుకోవడానికి చాలా ఎక్కువ వేడి కావాలి, ఆక్సిజన్‌ను అది తనంతట తాను అందించదు. బరువెక్కువ, అదే బరువుకు దాచే శక్తి తక్కువ అన్నది దీని మీదున్న పాత ఫిర్యాదు. కారుకు అది లోపం కావచ్చు. గోడకు బిగించిన పెట్టె ఎక్కడికీ వెళ్ళదు కాబట్టి ఇంటికి అది లెక్కలోకి రాదు. సగం చార్జింగ్‌తో ఉన్నా దీనికి నష్టం లేదు. ముసురు రోజుల సోలార్‌కు కావలసిన గుణం సరిగ్గా అదే.

కొనేటప్పుడు ముందు రాత్రి వాడకాన్ని లెక్కేయండి. 75 వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 1.2 యూనిట్లు. ఫ్రిజ్, లైట్లు, టీవీ కలిపి ఇంకో యూనిట్. 51.2 వోల్టుల 100 ఏహెచ్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 5.12 యూనిట్లుంటాయి, 80 శాతం వాడినా నాలుగు యూనిట్లు దక్కుతాయి. ఏసీ కూడా నడపాలంటే పెట్టె పెద్దదవ్వాలి. తర్వాత ధరను, జీవితకాలంలో అది ఇచ్చే మొత్తం యూనిట్లతో భాగించండి. 4,000 సార్లు నిండి ఖాళీ అయ్యే ఫాస్ఫేట్ పెట్టె ఈ లెక్కన 16,000 యూనిట్లిస్తుంది. 1,200 సార్లు పనిచేసే ట్యూబులార్ ఒక్కొక్కటి ఇచ్చేది సుమారు 1,080 యూనిట్లే.

సెల్స్‌ను కాపాడే బీఎంఎస్ మీ ఇన్వర్టర్‌తో మాట్లాడుతుందో లేదో అడగండి. ఐఈసీ 62619 ధ్రువీకరణ పత్రం చూపించమనండి. వారంటీలో ఎన్నేళ్ళు, ఎన్ని సైకిళ్ళు (నిండి ఖాళీ అవడం), చివరికి ఎంత శాతం సామర్థ్యం మిగలాలి, ఎంత ఉష్ణోగ్రత వరకు వర్తిస్తుంది అన్న నాలుగూ రాతపూర్వకంగా ఉండాలి. వాడేసిన సెల్స్‌ను కొత్త డబ్బాలో పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు కాబట్టి పేరు లేని చవక సరుకు జోలికి పోవద్దు. పెట్టెను రేకుల షెడ్డులో కాకుండా నీడ, గాలి ఉన్న గోడకు పెట్టించండి.

ఏడాదికి నాలుగైదు కోతలు మాత్రమే ఉన్న ఇంటికి ట్యూబులార్ ఇప్పటికీ చాలు, నీళ్ళు పోస్తూ నిండుగా ఉంచితే సరి. రోజూ ఎండను రాత్రికి దాచుకునే ఇంటికి మాత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను మించినది ప్రస్తుతం మార్కెట్లో లేదు.