షెపర్డ్‌లో 'ఫ' ఎందుకు పలకదు?



మీ పాప హోంవర్క్ చదువుతూ 'షెపర్డ్'ను 'షెఫర్డ్' అంటే వెంటనే కోప్పడకండి. పి, హెచ్ కలిస్తే 'ఫ' అని ఫోనిక్స్ క్లాసులో నేర్పింది మేమే. ఫోన్, ఎలిఫెంట్ అలాగే వచ్చాయి. నంద్యాల, ఆళ్లగడ్డ రెండు బ్రాంచిల్లోనూ మూడు, నాలుగు తరగతుల పిల్లలు ఇలా చదువుతుంటారు. రూల్ బాగా వచ్చిన పిల్లలే ఇక్కడ ఆగిపోతారు.

షెపర్డ్ అసలు రెండు మాటలు: షీప్ అంటే గొర్రె, హర్డ్ అంటే పాత ఇంగ్లిష్‌లో కాపరి. పి ఒక మాట చివర, హెచ్ ఇంకో మాట మొదట ఉన్నాయి. అందుకే అవి కలిసి 'ఫ' కావు. మిస్‌హ్యాప్‌లో ఎస్, హెచ్ పక్కపక్కనే ఉన్నా 'ష' రాదు, హాట్‌హౌస్‌లో 'థ' రాదు. (కప్‌బోర్డ్ 'కబర్డ్' ఎలా అయిందని మాత్రం పిల్లలు అడుగుతారు. వాడగా వాడగా అరిగిపోయింది, అంతే.)

ఈ అతుకు వెతకడం మీకు కొత్తేమీ కాదు. రామాలయం అనే మాటను పలికేటప్పుడు రా-మా-ల-యం అంటాం. అర్థం చెప్పమంటే రామ, ఆలయం అని విడదీస్తాం. అతుకు 'మా' లోపల ఉంది. మన ఊరి పేరూ అంతే. నంది ఆలయం నుంచి నంద్యాల వచ్చిందని పెద్దలు చెబుతారు, చుట్టూ నవనందులు ఉన్నాయి కదా. అలా అనుకుంటే అతుకు 'ద్యా' అనే ఒక్క అక్షరంలో దాగి ఉంది. అహోబిలంలో అయితే అహో, బిలం అని నేరుగా విడిపోతుంది.

తెలుగులో మాటలు కలిస్తే రాత కూడా మారుతుంది. ఇంగ్లిష్‌లో సాధారణంగా మారదు, చదివేవారే అతుకు పట్టుకోవాలి. డచ్ భాషలో ఇది ఇంకా ఎక్కువ. అక్కడ 'క్వార్ట్‌స్లాఖెన్' అని ఒక మాట ఉంది. క్వార్ట్ దగ్గర విరిస్తే పావు తిప్పులు, క్వార్ట్స్ దగ్గర విరిస్తే క్వార్ట్జ్ రాతి పొరలు. రాత ఒకటే!

మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. పెద్ద మాట రాగానే సగం వేలితో మూసి, "ఇందులో నీకు తెలిసిన చిన్న మాట ఉందా?" అని అడగండి. రెండు ముక్కలూ దొరికాక, కలిపితే అర్థం వస్తోందా అని కూడా అడగండి. ఇది మరిచిపోవద్దు. ఎందుకంటే 'ఫాదర్' స్పెల్లింగ్‌లో ఫ్యాట్, హర్ అని రెండు మంచి మాటలు దొరుకుతాయి. పిల్లలు అది కనిపెట్టారంటే ఆ రోజు ఇంట్లో నాన్నగారి పని అయిపోయినట్టే.